23, 11: ఒక బావ, బావమరిది కేసు

విజయవాడలో ఫ్యామిలీ కౌన్సెలింగ్ చేస్తుంటాను. ఆస్తి తగాదాలు, భార్యాభర్తల మధ్య మాటల్లేకపోవడం, పిల్లల చదువుల టెన్షన్, మామూలుగా వచ్చేవి ఇవే. గత రెండు అసెంబ్లీ ఎన్నికల తర్వాత వీటికి పార్టీ వల్ల రాకపోకలు తెగిపోయిన ఇళ్లు కూడా తోడయ్యాయి. అలాంటి ఒక కేసు రాస్తున్నాను. రాయడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. ఊళ్లు చెప్పడం లేదు, వృత్తులు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. అమరావతి సంగతి మాత్రం మార్చలేదు. అది తీసేస్తే ఈ కేసులో మిగిలేది ఏమీ ఉండదు.

నేపథ్యం

బావమరిదికి యాభై దాటాయి. రాజధాని అమరావతి కోసం భూములిచ్చిన 29 గ్రామాల్లో ఒకదాని రైతు. 2015లో ల్యాండ్ పూలింగ్ కింద తనకున్న జరీబు భూమి మొత్తం ఇచ్చేశాడు. కృష్ణ ఒడ్డు నేల, ఏడాదంతా ఏదో ఒక పంట ఉండేది. ఎకరానికి ఏటా 50 వేల కౌలు, అది ఏటా కొంత పెరుగుతూ పదేళ్లు, పైగా అభివృద్ధి చేసిన ప్లాట్లు తిరిగి ఇస్తామన్నది ప్రభుత్వం మాట. ఆ ధైర్యంతోనే పిల్లల చదువులకు అప్పు చేశాడు, ఇల్లు కట్టాడు. 2019 డిసెంబరు 17న అసెంబ్లీలో మూడు రాజధానుల ప్రస్తావన వచ్చింది. ఆ వారంలోనే ఊళ్లో దీక్షా శిబిరం వెలిసింది. అతని భార్య పొద్దున్నే వంట ముగించుకుని శిబిరానికి వెళ్లి కూర్చునేది. కౌలు డబ్బు ఎప్పుడు పడుతుందో తెలియదు, ప్లాటు అమ్ముదామంటే కొనేవాడు లేడు. అతను తెలుగుదేశం మనిషి. 2015కు ముందు కూడా అంతే, కానీ అప్పట్లో అది ఓటు వరకే.

బావకు అరవై దగ్గరపడ్డాయి. ప్రకాశం జిల్లాలో ఒక చిన్న పట్నంలో ఎరువుల కొట్టు ఉంది. 2009లో ఆయన వేరొకరి కొట్లో గుమాస్తా. ఆ ఏడాది వాళ్ల నాన్నకు గుండె ఆపరేషన్ అవసరమైంది. తెల్ల కార్డు ఉండటంతో ఆరోగ్యశ్రీ కింద హైదరాబాద్‌లో చేశారు. పెద్దాయన ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. కొడుకు ఇంజినీరింగ్ ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో నడిచింది. ఆ ఇంట్లో హాల్లో వైఎస్ రాజశేఖరరెడ్డి ఫొటో వాళ్ల నాన్న ఫొటో పక్కనే ఉంటుంది. ఆయన వైసీపీ అభిమాని అనడం కంటే ఆ కుటుంబానికి రుణపడ్డ మనిషి అనడం నిజానికి దగ్గర.

మన దగ్గర పార్టీ గొడవ అనగానే కులం లెక్క వేసి తేల్చేస్తారు. ఈ ఇద్దరిదీ ఒకటే కులం, పెళ్లి సంబంధం కలిసిందే అందుకు. కాబట్టి ఆ వివరణ ఇక్కడ పనికిరాదు. చాలా ఇళ్లలో కులం నిజంగానే పెద్ద కారణం. అయినా అక్కడే ఆగిపోతే, ఇంటి లోపల ఒక మనిషికి ఏం జరిగిందో అడగడం మర్చిపోతాం.

సమస్య

నా దగ్గరికి మొదట వచ్చింది బావగారి కూతురు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మాఘమాసంలో పెళ్లి. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తేవాల్సింది మేనమామ. ఆ మేనమామను పిలవనని తండ్రి, పిలవనిదే ఎలా వస్తానని మేనమామ. బుట్ట మోయడానికి వరసైన వాళ్లు ఇంకెవరూ లేరా అన్నాడట తండ్రి. "మామయ్య రాకపోతే నేను బుట్టలో కూర్చోను" అని ఈ అమ్మాయి. మధ్యలో తల్లికి బీపీ పెరిగింది.

గొడవ ఎక్కడ మొదలైందని అడిగితే అమ్మాయి ఫోన్ తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు చూపించింది. 2019 మే 23న ఫలితాలొచ్చాయి. వైసీపీకి 151, తెలుగుదేశానికి 23. వైసీపీ నుంచి 23 మంది ఎమ్మెల్యేలను లాక్కున్నారు, 23వ తేదీన 23 సీట్లు వచ్చాయి, దేవుడు రాసిన స్క్రిప్టు అన్న పోస్టు ఆ రోజు రాష్ట్రమంతా తిరిగింది. బావ దాన్ని గ్రూపులో పెట్టాడు, ఆపైన కొట్టు ముందు టపాకాయలు కాల్చిన వీడియో కూడా పెట్టాడు. 2020లో రాజధాని రైతుల్ని పెయిడ్ ఆర్టిస్టులన్న ఒక ఫార్వర్డ్ కూడా ఆయన నంబరు నుంచే వచ్చింది. బావమరిది దేనికీ జవాబు ఇవ్వలేదు. అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి దాచుకున్నాడు.

2024 జూన్ 4న తెలుగుదేశం కూటమికి 164, వైసీపీకి 11 వచ్చాయి. బావమరిది దాచినవన్నీ వరసగా తిరిగి గ్రూపులో పెట్టి, కింద "వై నాట్ 175?" అని, అన్ని సీట్లూ మావే అన్న వైసీపీ నినాదాన్నే రాశాడు. అక్కడితో ఆగినా ఏమయ్యేదో. రెండు రోజుల తర్వాత బావ కొట్టుకు ఒక స్వీట్ల డబ్బా పార్సిల్ వచ్చింది. కొట్లో కుర్రాడు కస్టమర్ల ముందే విప్పాడు. లోపల లడ్డూలు. ఎవరో లెక్కపెట్టారు, పదకొండు. అందరూ నవ్వారు. బావ ఆ రోజే గ్రూపులోంచి బయటికి వెళ్లిపోయాడు, భార్యను పుట్టింటికి ఫోన్ చెయ్యొద్దన్నాడు.

ఇంట్లో వాళ్లు చేసిన ప్రయత్నాలు

మొదట ఇంట్లో రాజకీయాలు మాట్లాడొద్దని రూలు పెట్టుకున్నారు. ఇది 2020 నుంచీ ఉంది. అందరూ చేసేదే, కొన్ని ఇళ్లలో పనిచేస్తుంది కూడా. ఇక్కడ చెయ్యలేదు. ఎందుకంటే మాట ఆగింది కానీ సైగలు ఆగలేదు. టీపాయ్ మీద సాక్షి ఉందా, ఈనాడు ఉందా? అతిథి రాగానే టీవీలో ఏ చానల్ నడుస్తోంది? "కౌలు పడిందా?" అని అడిగితే అది పరామర్శా, ఎత్తిపొడుపా? బయటికి అనే వీల్లేకపోయేసరికి ప్రతి చిన్న సంగతికీ లోపల ఒక అర్థం తీసుకోవడం అలవాటైంది.

తర్వాత ఒక పెద్దాయన ఇద్దర్నీ ఒక గృహప్రవేశంలో పట్టుకుని చేతులు కలిపించి, ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. కింద నలభై మంది దండాలు పెట్టారు. ఆ ఫొటో మీద ఇద్దరికీ ఇప్పటికీ కోపమే. అందరి ముందూ బలవంతంగా రాజీ పడ్డామని బావ అనుకున్నాడు. తన బాధ ఎవరూ వినకుండానే ఫైలు మూసేశారని బావమరిది అనుకున్నాడు.

ఇక ఒక మేనల్లుడు వచ్చిన ప్రతి పోస్టుకూ ఫ్యాక్ట్ చెక్ లింకులు పంపేవాడు. అబ్బాయి ఉద్దేశం మంచిదే. కానీ అందులో ఒక్క లింకూ ఎవరూ తెరవలేదు. పోస్టు అబద్ధమని తేలినా, దాన్ని తన మీదికి పంపిన బంధువు చెయ్యి నిజమే కదా. నొప్పి ఉన్నది అక్కడ.

ఎలా మొదలుపెట్టానంటే

అమ్మాయిని రాయబారిగా వాడకూడదనుకున్నాను. ఆమె పెళ్లిని బేరానికి పెడితే ఇద్దరూ ఒప్పుకునేవారు, కానీ పెళ్లి మర్నాడు మళ్లీ మొదటికొచ్చేది. ఇద్దర్నీ విడివిడిగా రమ్మన్నాను. కలిపి కూర్చోపెట్టకపోవడానికి కారణం ఆ వాట్సాప్ గ్రూపే. అంతమంది ఉన్న చోట ఎవరూ ఎదుటివాడితో మాట్లాడరు, చూస్తున్నవాళ్లతో మాట్లాడతారు. మొదటిరోజే కలిపితే నేనే ఆ చూస్తున్న మనిషినవుతాను.

ఇద్దరూ అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: "మీరు ఏ పార్టీ?" ఈ పని చేసే ప్రతి ఒక్కరూ దీనికి ముందే సిద్ధపడాలి. మన దగ్గర ఇంటిపేరు వినగానే పార్టీ ఊహించేసుకుంటారు కాబట్టి, నాకు రాజకీయాలతో సంబంధం లేదంటే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. "ఓటేస్తాను, ఎవరికో చెప్పను. ఒకవైపు మొగ్గుతున్నానని అనిపిస్తే అక్కడే ఆపి చెప్పండి" అన్నాను. బావగారు తర్వాత ఒకసారి నిజంగానే ఆపారు. ఆయన మాట సగంలో ఉండగా ఇంకో ప్రశ్నకు వెళ్తున్నానని, బావమరిదికైతే ఇలా తొందర పెట్టరని అన్నారు. ఆగి పూర్తిగా విన్నాను. అప్పటి నుంచి ఆయన కూర్చునే తీరే మారింది.

ఇంకోటి కూడా ముందే చెప్పాను. మీ ఓటు మార్చడం ఇక్కడ పని కాదు, ఎవరిది రైటో తేల్చడం కూడా కాదు. రాజధాని ఎక్కడుండాలన్నది నిజమైన ప్రశ్న, దాని మీద ఇద్దరు మంచివాళ్లు గట్టిగా విభేదించవచ్చు. అది శాసనసభలో, కోర్టులో నడిచే విషయం. 2022 మార్చిలో హైకోర్టు తీర్పు ఇచ్చింది, ఆ తర్వాత సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దాన్ని నా గదిలో తేల్చలేం. ఇక్కడ చూడాల్సింది, ఆ ప్రశ్న మీ ఇద్దరి మధ్యకు ఎలా వచ్చి కూర్చుంది అన్నది.

పనిచేయనిది

బావమరిది ఒక మాటన్నాడు: "ఆయన ఒక్క నెల మా పేపర్ చదివితే చాలు సార్, నిజం తెలుస్తుంది." బావను అడిగితే ఆయనదీ అదే మాట, పేపరు పేరు మాత్రం వేరు. ఇద్దరూ సిద్ధంగా ఉన్నారు కాబట్టి సరే, మార్చుకుని చదవండి అన్నాను. తన చానల్ తప్ప ఇంకోటి చూడని మనిషికి అవతలివాళ్ల బాధ ఎలా చేరుతుంది అన్నది నా ఆలోచన.

బావగారు తిరిగొచ్చేటప్పుడు ఒక పేపర్ల కట్ట తెచ్చారు. ఎర్ర పెన్నుతో ప్రతి పేజీలో గీతలు, పక్కన "అబద్ధం", "ఇదీ అబద్ధం". అవతలి పక్షం ఎలా ఆలోచిస్తుందో చూడటానికి ఆయన చదవలేదు, తప్పులు పట్టడానికి చదివారు. బావమరిది పెన్ను వాడలేదు కానీ మూడో రోజుకే మానేశాడు. ఇద్దరి మాటా ఇంకాస్త కరుకైంది.

దీనికి పరిశోధనలో పోలిక ఉంది. 2018లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీకి చెందిన క్రిస్ బెయిల్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. ట్విట్టర్ వాడేవాళ్లకు ఒక నెలపాటు అవతలి పార్టీవాళ్ల పోస్టులు చూపించారు. రిపబ్లికన్లు తమ వైపుకే ఇంకా జరిగారు. డెమోక్రాట్లలో చెప్పుకోదగ్గ మార్పు కనపడలేదు. అమెరికా వేరు, మనం వేరు. కానీ ముఖం లేని చోట నుంచి వచ్చే అవతలి మాట దాడిలాగే వినపడుతుందన్నది ఎర్ర పెన్నులో నాకు స్పష్టంగా కనపడింది.

అదే సమయానికి బయట వాతావరణం కూడా వేడెక్కింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపంతా మునిగింది. ఆ వరద మీద కూడా గ్రూపు రెండుగా చీలింది. అదే నెలలో తిరుమల లడ్డూ నెయ్యి వివాదం. బావమరిది దాని మీద ఏదో పోస్టు పెట్టాడని ఎవరో బావకు చేరవేశారు. కొన్నాళ్లు ఇద్దరూ రావడం మానేశారు. నేను వెంటపడలేదు. వార్తల వేడి మీద ఉన్న మనిషిని కూర్చోబెడితే తన అనుభవం చెప్పడు, చర్చావేదికలో విన్నదే చెబుతాడు. దసరా దాటనిచ్చాను.

దారి దొరికిన చోటు

మళ్లీ మొదలుపెట్టినప్పుడు అభిప్రాయాలు అడగడం పూర్తిగా మానేశాను. "ఈ పార్టీ మీ ఇంట్లోకి ఎప్పుడొచ్చింది?" అని అడిగాను. బావగారు హైదరాబాద్ ఆసుపత్రి వరండా దగ్గర మొదలుపెట్టారు. ఆపరేషన్‌కు ఎంతవుతుందో అడిగి, ఆ అంకె విని, మెట్ల మీద కూర్చుండిపోయారట. అంతలో కార్డు ఉందా అని ఒకరు అడిగారు. "ఆ మాట అడిగినవాడి ముఖం ఇప్పటికీ గుర్తుంది" అన్నారు. ఆ తర్వాత వైఎస్‌ను ఎవరు ఏం విమర్శించినా, వాళ్ల నాన్న బతికిన ఆ ఏళ్లను తక్కువ చేసినట్టే వినపడేది. "బటన్ నొక్కితే ఓటేసే బ్యాచ్" అని, అంటే పథకాల డబ్బుకు ఓటేసేవాళ్లని, బావమరిది ఒకసారి రాశాడు. ఆయనకు అది మెట్ల మీద కూర్చున్న తనను అన్నట్టే అయింది.

బావమరిది పూలింగ్‌కు సంతకం పెట్టిన రోజు గురించి చెప్పాడు. పొలం గట్టు మీద కూర్చుని చివరి పంట కోత చూశాడట. వాళ్ల అమ్మ వద్దంటే, "పిల్లల కోసమే అమ్మా" అన్నాడు. ఆమె 2020లో పోయింది. అమ్మ మాటే నిజమైందన్న బాధ అతన్ని తినేస్తోంది. ఆ స్థితిలో ఉన్నవాడికి పెయిడ్ ఆర్టిస్టు అన్న మాట వచ్చింది.

ఇద్దరికీ ఎదుటివాళ్ల సంఘటనలు తెలుసు. ఆసుపత్రి సంగతి బావమరిదికి తెలుసు, అప్పుడు రక్తం ఇవ్వడానికి వెళ్లింది కూడా అతనే. పూలింగ్ సంగతి బావకు తెలుసు. కానీ ఆ సంఘటనకూ ఈ పార్టీకీ ఉన్న ముడి ఎంత గట్టిదో ఇద్దరిలో ఎవరికీ తెలియదు. బావ ప్రచారానికి మోసపోయి మాట్లాడుతున్నాడని బావమరిది, బావమరిది డబ్బు ఆశతో మాట్లాడుతున్నాడని బావ అనుకుంటున్నారు.

రెండో ప్రశ్న ఈ కేసుకు కీలకమైంది: "మీరు ఓడిన రోజు ఎక్కడున్నారు?" నాయకుడు ఓడిన రోజు అనలేదు, మీరు ఓడిన రోజు అన్నాను. 2019 మే 23 సాయంత్రం బావమరిది ఫోన్ చేతిలో పట్టుకుని బావ ఫోన్ చేస్తాడేమోనని చూశాడట. "ఏరా, ఏం కాదులే" అంటాడనుకున్నాడు. టపాకాయల వీడియో వచ్చింది. 2024 జూన్ 4న బావ మధ్యాహ్నమే షట్టరు దించేసి ఇంటికొచ్చాడు. ఆయన కూడా ఫోన్ చూశాడు. ఇద్దరి గాయమూ ఒకే చోట ఉంది. భిన్నాభిప్రాయం వల్ల ఈ బంధం తెగలేదు. ఓడి కూర్చున్న రోజున సొంత మనిషి ఎలా ప్రవర్తించాడన్న దాని మీద తెగింది. ఇది తెలిశాక రాజధాని, నవరత్నాలు, అప్పుల లెక్కలు, ఇవేవీ ముట్టుకోనక్కర్లేదని నాకు అర్థమైంది.

మూడోది ఒక అభ్యాసం. అమెరికాలో ఫ్యామిలీ థెరపిస్టు బిల్ డోహర్టీ రూపొందించింది. 2016 ఎన్నికల తర్వాత ఒహాయోలో ట్రంప్ ఓటర్లను, క్లింటన్ ఓటర్లను ఒకచోట కూర్చోబెట్టి మొదలైన బ్రేవర్ ఏంజెల్స్ సంస్థ వర్క్‌షాపుల్లో దీన్ని వాడతారు. అవతలివాళ్లు మనల్ని ఏమంటారో మనమే రాయాలి. అందులో తప్పేమిటో రాయాలి. ఆ తర్వాత, అందులో ఏ కొంచెమైనా నిజం ఉంటే అదీ మనమే ఒప్పుకోవాలి. విడివిడిగానే చేయించాను. ఎదుటివాడి ముందు చేస్తే ఒప్పుకున్నది ఆయుధమవుతుంది.

బావ తన కాగితం మీద "పథకాల కోసం కళ్లు మూసుకుంటారు" అని రాసి, చాలాసేపు ఆలోచించి కింద రాశారు: "రోడ్ల సంగతి మాకూ తెలుసు. బయట అనం." బావమరిది "వాళ్ల ఊరి రేట్ల కోసం ఏడుస్తున్నారంటారు" అని రాశాడు. కింద: "రేటు గురించి ఆలోచించలేదంటే అబద్ధం. వెనకబడిన జిల్లాల వాళ్లు అడిగేది కూడా వినాల్సింది." ఎవరు రాసింది వాళ్ల అనుమతితో ఎదుటివాళ్లకు చూపించనా అని అడిగాను. చూపించండి అన్నారు ఇద్దరూ. అప్పుడు కలిపి కూర్చోబెట్టే సమయం వచ్చిందనిపించింది.

ఎదురెదురుగా

ఆ రోజుకు షరతులు మూడే. నాయకుల పేర్లు ఎత్తకూడదు. "మీరంతా" అనకూడదు, "నువ్వు", "నేను" అనాలి. ఒకరు చెప్పింది ఇంకొకరు తన మాటల్లో తిరిగి చెప్పి, సరిగ్గా విన్నానా అని అడిగాకే జవాబు ఇవ్వాలి. ఈ మూడోది పెద్దవాళ్లకు చిరాకు తెప్పిస్తుంది. అయినా వదలకూడదు. జవాబు సిద్ధం చేసుకుంటూ వినేవాడు తిరిగి చెప్పలేడు.

మొదట బావతో మాట్లాడించాను. వయసులో పెద్ద, పైగా చివరగా దెబ్బ తిన్నది ఆయన. స్వీట్ల డబ్బా గురించి చెప్పారు. "కుర్రాడు నా మొహం చూడలేక గోడౌన్‌లోకి వెళ్లిపోయాడు" అన్నారు. బావమరిది అది తిరిగి చెప్పబోయి ఆగిపోయాడు. "అది కస్టమర్ల ముందు విప్పుతారనుకోలేదు బావా" అన్నాడు. సర్దిచెప్పుకోవద్దు, విన్నది చెప్పమన్నాను. చెప్పాడు.

తర్వాత అతని వంతు. పెయిడ్ ఆర్టిస్టు మాట వస్తుందనుకున్నాను, వచ్చింది. కానీ దాని వెనక ఇంకోటి ఉంది, విడిగా కూర్చున్నప్పుడు అతను దాన్ని నాకు చెప్పలేదు. 2021 నవంబరులో అమరావతి రైతులు తుళ్లూరు నుంచి తిరుమలకు పాదయాత్ర చేశారు. అది ప్రకాశం జిల్లా మీదుగా సాగింది. అతను అందులో నడిచాడు.

"మీ ఊరు వస్తుందని రెండు రోజుల ముందు నుంచీ అనుకుంటున్నా బావా. అక్క రాకపోయినా నువ్వొచ్చి ఒక నీళ్ల సీసా ఇస్తావనుకున్నా. జెండా గురించి కాదు. నా కాళ్లు బొబ్బలెక్కాయి."

బావ వెంటనే తిరిగి చెప్పలేదు. చాలాసేపు బల్ల వైపే చూస్తూ కూర్చున్నారు.

"చూశానురా. మేడ మీద నిలబడి చూశా. ఆకుపచ్చ కండువా, ఎడం కాలికి గుడ్డ కట్టుకున్నావ్. మీ అక్క దిగబోతే నేనే ఆపా. కింద మావాళ్లు ఫొటోలు తీస్తున్నారు. కొట్టు నడుపుకోవాలి నేను ఆ ఊళ్లో."

"నన్ను చూశావా?"

"చూశా."

నేను ఏమీ మాట్లాడలేదు. ఇక్కడ "క్షమాపణ చెప్పండి" అనేయాలని మధ్యవర్తికి చెయ్యి దురదపెడుతుంది. అలా అంటే అది మళ్లీ గృహప్రవేశం ఫొటో అవుతుంది. బావమరిది ఏడ్చాడు. అతనికి కావలసింది చూశానన్న మాటే. ఇన్నేళ్లూ అతను అనుకున్నది బావ తనను పట్టించుకోలేదని. బావ పట్టించుకున్నాడు, భయపడ్డాడు. ఆ రెంటికీ చాలా తేడా ఉంది. ఆ తర్వాత లడ్డూల గురించి అతనే, ఎవరూ అడక్కుండా, "అది నీచంగా చేశా" అన్నాడు.

ఆ భయాన్ని మనం తేలిగ్గా తీసుకోకూడదు. చిన్న పట్నంలో ఏ వైపు వాళ్లకైనా, అధికారం ఎవరిదైనా, ఎవరితో కనిపించామన్నదానికి లెక్క ఉంటుంది. ఇంట్లోవాళ్లు మొండితనం అనుకునేదాంట్లో కొంత ఈ లెక్కే. దాని గురించి విడిగా ఇంకోసారి కూర్చున్నాం.

పిలుపు

రాజీ కుదిరినా పెళ్లి పిలుపు మిగిలే ఉంది. ఎవరు ముందు ఎవరింటికి వెళ్లాలి? దీనికి కొత్త ఒప్పందం రాయాలనుకోలేదు, ఆచారం ముందే రాసిపెట్టింది. ఆ ఇంట్లో మొదటి శుభలేఖ దేవుడికి, రెండోది ఇల్లాలి పుట్టింటికి. భార్యాభర్తలు బొట్టు పెట్టి పిలవాలి. కాబట్టి బావ వెళ్లడం తలవంచినట్టు కాదు, ఆయన రావడం బావమరిది గెలిచినట్టూ కాదు, ప్రతి పెళ్లిలో జరిగేదే. తల్లి ఒక్క మాటంది: "బావమరిది బతకగోరును, దాయాది చావగోరును అంటారు, వీళ్లేంటో తారుమారయ్యారు. ఇక చాలు." దాంతో ముహూర్తం చూసుకుని బయల్దేరారు. మీ ప్రాంతంలో ఇలాంటి ఆచారం ఏదున్నా దాన్ని వాడుకోవాలని తోటి కౌన్సెలర్లకు గట్టిగా చెబుతాను. మనం కనిపెట్టే షరతుల కన్నా అందరికీ తెలిసిన మర్యాద పరువును బాగా కాపాడుతుంది.

ఇద్దరి మధ్యా రాతపూర్వకంగా ఉన్నది ఒక్కటే. ఫలితాల రోజు, ఏ ఎన్నికైనా సరే, గ్రూపులో ఇద్దరూ ఏమీ పెట్టరు. గెలిచినవాడు ఓడినవాడికి ఆ సాయంత్రం ఫోన్ చెయ్యాలి. రాజకీయాలు మాట్లాడకూడదన్న పాత రూలు తీసేయించాను. ఇప్పుడు మాట్లాడుకుంటున్నారు, గట్టిగానే. మేనమామ మేనకోడల్ని బుట్టలో మోసుకొచ్చాడు. ఇద్దరి ఓటూ ఎక్కడిదక్కడే ఉంది.

2025 మే 2న ప్రధాని వచ్చి రాజధాని పనులు మళ్లీ ప్రారంభించారు. ఆ రోజు ఎన్నిక కాదు కాబట్టి మా కాగితం దానికి వర్తించదు. బావమరిది సభకు వెళ్లాడు, ఫొటోలు తీసుకున్నాడు, గ్రూపులో పెట్టలేదు. ప్లాటు ఎటువైపు వచ్చిందని బావే ఫోన్ చేసి అడిగాడట. అది పరామర్శా, ఎత్తిపొడుపా అన్న అనుమానం తనకు రాలేదని బావమరిది చెప్పాడు. నా వరకు ఈ కేసులో ఫలితానికి కొలత ఇదే.

ఎక్కడ పనిచేయదు

ఈ పద్ధతిని అన్నిచోట్లా వాడొద్దు. ఊరి గొడవల్లో కొట్టుకున్నవాళ్లు, ఒకరి మీద ఒకరికి పోలీసు కేసులున్నవాళ్లు, ఒకరి చేతిలో ఇంకొకరి పింఛనో ఉద్యోగమో ఉన్నవాళ్లు అయితే, ముందు భద్రత, న్యాయం చూడాలి. అలాంటి చోట నష్టపోయినవాణ్ని ఎదుటివాడి కథ వినమనడం అన్యాయం. ఈ ఇద్దరూ సమానులు, ఒకప్పుడు ప్రేమగా ఉన్నవాళ్లు. పాత ప్రేమ లేని చోట ఓడిన రోజు ఎక్కడున్నావని అడిగితే జవాబు రాదు.

ఇంకో ఖాళీ కూడా ఉంది. నేను పెద్దవాళ్లిద్దరితోనే పనిచేశాను. బావగారి కొడుకు, బావమరిది కొడుకు ఇన్‌స్టాగ్రామ్‌లో ఇప్పటికీ ఒకరి మీద ఒకరు రీల్స్ పెట్టుకుంటున్నారు. వాళ్లకు ఆసుపత్రి మెట్లు తెలియవు, చివరి కోత తెలియదు, తండ్రుల దగ్గర నేర్చుకున్న మాటలే తెలుసు. తండ్రులిద్దరూ తమ కథ కొడుకులకు తామే చెబుతామన్నారు. స్థానిక ఎన్నికల హడావుడి మొదలయ్యేలోగా నలుగుర్నీ ఒకసారి రమ్మన్నాను. ముగ్గురు ఒప్పుకున్నారు. బావమరిది కొడుకు ఇంకా జవాబు చెప్పలేదు.